ఇంట్లో కాఫీ గింజలు వేయించేటప్పుడు టెంపరేచర్ ఎలా చూసుకోవాలి?

మీరు ముఖ్యంగా అడిగినవి రెండు. బాణలిలో వేయిస్తూ ఐఆర్ గన్ (తాకకుండా దూరం నుంచే వేడి కొలిచే పరికరం) పెట్టి చూస్తే ఒకసారి 180, మరుక్షణం 230 ఎందుకు చూపిస్తోంది? ఎన్ని డిగ్రీల దగ్గర స్టవ్ ఆపాలి? నేను కొన్నేళ్లుగా విశాఖలో మా ఇంట్లోనే అరకులో పండే అరబికా రకం కాఫీ గింజలు వేయించుకుంటున్నాను. గ్యాస్ స్టవ్, హ్యాండిల్ తిప్పే పాప్‌కార్న్ పాత్ర, వేడి చూపే ఒక చిన్న మీటరు. నా దగ్గరున్న సరంజామా ఇంతే.

ముందు ఆ గన్ పక్కన పెట్టేయండి. అది పైపైన కనిపించేదాని వేడినే కొలుస్తుంది. గింజల సందుల్లోంచి బాణలి అడుగు కనిపిస్తే దాన్నీ కలిపేసుకుంటుంది. దూరంగా పట్టుకునే కొద్దీ అది చూసే చోటు పెద్దదవుతుంది. పైగా ఇలాంటి గన్‌లు చాలావరకు 0.95 ఎమిసివిటీకి (ఉపరితలం వేడిని ఎంతమేర వెదజల్లుతుందో చెప్పే అంకె) సెట్ చేసి వస్తాయి. మెరిసే స్టీలు మీద ఆ లెక్క కుదరదు, ఉన్న వేడికన్నా చాలా తక్కువ చూపిస్తుంది. మీరు గరిటె తిప్పినప్పుడల్లా అంకె గెంతుతున్నది ఇందుకే.

మీకు కావలసింది కె-టైప్ థర్మోకపుల్, అంటే గింజల్లోకి దించి వేడి కొలిచే, మీటరుకు తగిలించే ప్రోబు. లావుపాటి రాడ్డు వద్దు, అది వేడెక్కేలోపు గింజ రంగు మారిపోతుంది. 2, 3 మిల్లీమీటర్ల సన్నది తీసుకోండి. మూతకు చిన్న రంధ్రం చేసి, కొన గింజల్లో మునిగేలా, అడుగుకు తగలకుండా, కలిపే కడ్డీకి అడ్డం రాకుండా బిగించాలి. లోతు లేని బాణలిలో ఇది కుదరదు, కొన సగం గాలిలోనే ఉంటుంది. కాబట్టి పాత్ర మార్చాల్సి వస్తుంది. ఒకసారి బిగించాక దాని చోటు మార్చకండి. గింజల తూకం కూడా ప్రతిసారీ ఒక్కటే ఉండాలి. నేనైతే 200 గ్రాములు దాటను.

ఇక అంకెల సంగతి. అరబికాకు ఫస్ట్ క్రాక్, అంటే గింజలు మొదటిసారి చప్పుడుతో పగలడం, 196 డిగ్రీల ప్రాంతంలో వస్తుందని చాలాచోట్ల చదివే ఉంటారు. నా పాత్రలో 188కే మొదలవుతుంది. ప్రోబు మందం, అది ఉన్న చోటు, గింజల తూకం బట్టి ఈ తేడా వస్తుంది. అందుకే వేరేవాళ్ల అంకె పట్టుకుని మీ స్టవ్ ఆపకండి. చెవి పెట్టి వినండి, మొదటి చప్పుళ్లు వినిపించగానే మీటరులో ఉన్న అంకె రాసుకోండి. ఇకపై మీకు కొలబద్ద అదే. ఇంకో మాట, గింజలు పోయగానే అంకె వందకు అటూ ఇటూ పడిపోతుంది, టెన్షన్ పడకండి. వేడెక్కి ఉన్న ప్రోబుకు చల్లటి గింజలు తగిలాయి, అంతే. ఒకటి ఒకటిన్నర నిమిషంలో మళ్లీ పైకి తిరుగుతుంది.

అసలు చూడాల్సింది అంకె ఎంత వేగంగా పెరుగుతోందన్నది. ప్రతి 30 సెకన్లకు ఒకసారి రాయండి. నాకు నచ్చిన ఒక వాయిలో, గింజలు పోశాక 5:30 నిమిషాలకు 152, తర్వాత వరసగా 161, 169, 176, 182, 8:00కి 187. అంటే పెరుగుదల 9, 8, 7, 6, 5. అలా మెల్లగా తగ్గుతూ పోవాలి. చివరిదాకా మంట పెద్దగా ఉంచితే క్రాక్ దగ్గర గింజలోని ఆవిరి ఒక్కసారిగా బయటికొచ్చి వేగం పడిపోతుంది, అరనిమిషానికి ఒక డిగ్రీ కూడా కష్టమవుతుంది. ఆవిరి పోయాక మళ్లీ ఎగబాకుతుంది. రంగు చూస్తే బాగానే ఉంటుంది గానీ ఆ కాఫీ చప్పగా, తీపి లేకుండా ఉంటుంది. దీనికి మందు, క్రాక్‌కు పది డిగ్రీల ముందే మంట కొద్దిగా తగ్గించడం. పాత్ర లోహం వేడిని పట్టి ఉంచుతుంది, మీరు నాబ్ తిప్పిన ఫలితం ఆలస్యంగా కనిపిస్తుంది. చప్పుళ్లు మొదలయ్యాక మాత్రం నాబ్ జోలికి వెళ్లకండి.

ఎక్కడ ఆపాలంటే, మా ఇంట్లో పాలు కలిపే ఫిల్టర్ కాఫీ కాబట్టి క్రాక్ మొదలైన అంకెకు 18 డిగ్రీలు పైన, అంటే 206 దగ్గర దించేస్తాను. బ్లాక్‌గా తాగేవాళ్లకు 10 చాలు. పోపులో ఆవాలలా సన్నగా చిటపటలు మొదలైతే అది సెకండ్ క్రాక్, నా రుచికి అది ఎక్కువ. దించగానే జల్లెడలో పోసి ఫ్యాన్ కింద కలుపుతూ ఉండండి, లేదంటే లోపలి వేడికే ఇంకా వేగుతూ పోతాయి.

వానాకాలంలో ఇంకో జాగ్రత్త. పచ్చి గింజల్లో మామూలుగా 10 నుంచి 12 శాతం తేమ ఉంటుంది. మా సముద్రపు గాలికి సంచి తెరిచి ఉంచితే ఇంకా పీల్చుకుంటాయి, అదే మంట మీద పసుపు రంగు తిరగడమే ఆలస్యమవుతుంది. గాలి చొరని డబ్బాలో దాచండి.

యాప్ గురించి కూడా అడిగారు. ఆర్టిజన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కంప్యూటర్‌కు కలిపే వీలున్న మీటరు ఉంటే గ్రాఫ్ అదే గీస్తుంది. కానీ మొదట కొన్నాళ్లు కాగితం మీదే రాయమంటాను. ఒక చేత్తో హ్యాండిల్ తిప్పుతూ రాయడం కష్టమే, ఇంట్లో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుంటే సులువు.