ఉద్యోగం మానేసి కలం పట్టుకోనా అక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే. పేరు వెయ్యొద్దు, కూకట్‌పల్లి అని వేస్తే చాలు. నాకు 34 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో తొమ్మిదేళ్లు దాటింది, ఇప్పుడున్న కంపెనీలో నాలుగున్నరేళ్లు. చేతికి 88 వేలు వస్తుంది, అందులో 31 వేలు ఫ్లాట్ ఈఎంఐకే పోతుంది. మావారు ప్రైవేట్ కాలేజీలో లెక్చరర్, 38 వేలు. పాప మూడో క్లాసు. అత్తగారు మాతోనే ఉంటారు, షుగరూ బీపీ ఉన్నాయి, ఆవిడ ఇన్సూరెన్స్ నా కంపెనీదే. పొద్దున లేచి ఆఫీసు అనుకుంటేనే కడుపులో తిప్పేస్తోంది అక్కా, రాత్రి పదింటికి అమెరికా వాళ్లతో కాల్స్, ఎవరు చూస్తారో తెలియని రిపోర్టులు, మధ్యలో ఎవర్ని తీసేస్తారో అన్న భయం ఒకటి. మా పుట్టిల్లు తిరుపతి దగ్గర, కాలేజీ రోజుల్లోనే శ్రీకాళహస్తిలో ఒక మాస్టారి దగ్గర కలంకారి నేర్చుకున్నా, పెళ్లయ్యాక వదిలేసి మళ్లీ రెండేళ్లుగా వేస్తున్నా. చీరకి అంచూ కొంగూ వేస్తా, సాయంత్రాలూ ఆదివారాలూ కలిపి 60 గంటలు పడుతోంది, చీరా రంగులూ కలిపి 3,500 అవుతుంది, 9 వేలకి ఇస్తున్నా. ఆఫీసులో వాళ్లూ చుట్టాలూ చాలామంది కొన్నారు. అందరూ ఉద్యోగం మానేసి ఇదే చెయ్యి అంటున్నారు. మావారు నీ ఇష్టం అంటారు గానీ మొహంలో భయం కనిపిస్తోంది. మానెయ్యనా?

జవాబు: చెల్లీ, ఇవాళ మానెయ్యకు. అసలెప్పుడూ మానెయ్యకు అనట్లేదు, నీ ఉత్తరం చదివితే నీకు ఆ పని ఎంత ప్రాణమో తెలుస్తూనే ఉంది. కానీ నీ లెక్కలు నువ్వే రాసిచ్చావు కాబట్టి ముందు అవే చూద్దాం. 9 వేలలో 3,500 పోతే 5,500, దాన్ని 60 గంటలకి పంచితే గంటకి 92 రూపాయలు కూడా పడట్లేదు. రేపు ఉద్యోగం మానేసి నెలకి 180 గంటలు కూర్చున్నావనుకో, మూడు చీరలు, 16,500. అదీ మూడూ అమ్ముడుపోతేనే, ఒక్కదానికీ రంగు చెడకపోతేనే, పాపకి జ్వరం రాకపోతేనే. ఈఎంఐలో సగం కొంచెం దాటుతుంది అంతే. మీవారి మొహంలో కనిపించేది ఈ లెక్కే అయ్యుంటుంది, నీ పని మీద నమ్మకం లేక కాదమ్మా, ఆయన్ని కూర్చోబెట్టుకుని ఈ కాగితం ఇద్దరూ కలిసి రాసుకోండి, భయం మొహంలో ఉండేకన్నా కాగితం మీద ఉంటే దాంతో ఏదో ఒకటి చెయ్యొచ్చు.

నేను నిన్ను అడగాలనుకున్నది ఒకటుంది. ఇప్పటిదాకా కొన్నవాళ్లంతా నిన్ను ఎరిగినవాళ్లు. వాళ్లు నీ మీద అభిమానంతో ఒక చీర కొంటారు, మహా అయితే పెళ్లికి ఇంకోటి. ఇందులో బతకాలంటే మాత్రం నీ మొహం ఎప్పుడూ చూడనివాళ్లు కొనాలి, కొన్నవాళ్లు మళ్లీ రావాలి. ఇంకో సంగతి, ఇప్పుడు నువ్వు నీకు నచ్చిన బొమ్మ వేస్తున్నావు, రేపు వచ్చే ఆర్డర్ అలా ఉండదు, ఆ నెమలే కావాలి, కానీ ఎరుపు తగ్గించండి, శుక్రవారానికల్లా ఇవ్వండి, ఇలాంటివి ఏడో ఎనిమిదో వరసగా వస్తాయి. అప్పుడు కూడా కలం పట్టుకోవాలనిపిస్తే ఈ పని నీ బతుకుతెరువు అవుతుంది. ఆదివారం పూట వేసుకునే సుఖాన్ని చూసి ఉద్యోగం వదిలేస్తే, మిగతా ఆరు రోజులూ ఎలా ఉంటాయో నీకు తెలియకుండానే దూకినట్టు.

అందుకని ఉద్యోగంలో ఉండగానే ఒక పని చెయ్యి. చీరలు కాసేపు పక్కన పెట్టి దుపట్టాలో, బ్లౌజ్ పీసులో, గోడకి పెట్టుకునే చిన్న బొమ్మలో, ఏదో ఒక్కటి ఎంచుకుని ఒకే డిజైన్ పది చెయ్యి, పదీ తెలియనివాళ్లకే అమ్ము, అసలు ధరకే అమ్ము, అక్కకి తక్కువ వదినకి ఫ్రీ అనకుండా. ఎన్ని గంటలు పట్టిందో గోడ మీద క్యాలెండర్‌లో రాసుకో, నీళ్లు కాచిన టైమూ, ఉతికిన టైమూ, ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టిన టైమూ, కొరియర్ ఆఫీసులో నిలబడ్డ టైమూ అన్నీ. కొత్తగా మొదలుపెట్టే చాలామంది బొమ్మ వేసిన గంటలే లెక్కేస్తారు, అక్కడే మోసపోతారు.

ఈ పని గురించి నీకు నేను చెప్పాల్సిన అవసరం లేదు, నాకన్నా నీకే ఎక్కువ తెలుసు, అయినా మిగతా పాఠకుల కోసం రాస్తున్నా, ఎందుకంటే కలంకారి అంటే కూర్చుని బొమ్మ వెయ్యడమే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. గుడ్డని కరక్కాయ రసంలో పాలు కలిపి ముంచి ఆరబెట్టాలి, ఆ పాలల్లో కొవ్వు ఉంటేనే గీసిన గీత పాకకుండా నిలుస్తుంది. నలుపు కోసం తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్లల్లో రోజుల తరబడి ఊరబెట్టాలి, ఎరుపు నిలవాలంటే పటిక పెట్టాలి, మరిగించాలి, పారే నీళ్లల్లో జాడించాలి, మళ్లీ ఎండబెట్టాలి, ఒక్కో రంగుకీ ఇదే వరస. శ్రీకాళహస్తిలో అయితే స్వర్ణముఖి నది పక్కనే ఉంది. కూకట్‌పల్లిలో ఫ్లాట్‌లో, ట్యాంకర్ నీళ్లతో, బాల్కనీలో ఎంత గుడ్డ ఆరేస్తావు? వానాకాలం రెండు మూడు నెలలు ఎండే సరిగ్గా ఉండదు. పైగా కొనేవాళ్లు శ్రావణం నుంచి దీపావళి దాకా, మళ్లీ మాఘంలో పెళ్లిళ్లకి వస్తారు, అంటే సరుకు తయారుచెయ్యాల్సిన నెలల్లోనే ఎండ దొరకదు. సొంతంగా చేస్తే ఎండాకాలంలో సరుకు వేసి దాచుకోవాలి, దాచుకోవడమంటే ముందే డబ్బు పెట్టాలి. ఇవన్నీ నెలజీతం వస్తున్నప్పుడు మనకి తట్టవు.

శ్రీకాళహస్తిలోనే ఈ విద్య ఒకప్పుడు దాదాపు అంతరించిపోయే స్థితికి వచ్చింది. 1950ల్లో, హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టాక మళ్లీ ఊపిరి పోసుకుంది, ఆ ఊరి జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ కూడా వచ్చింది. అంతకుముందు వేసేవాళ్లకి ప్రేమ లేక ఆ స్థితి రాలేదు, కొనేవాళ్లు లేక వచ్చింది. అందుకే నీ ప్రేమ గురించి ఒక్క మాట అడగకుండా కొనేవాళ్ల గురించే ఇంతసేపు అడుగుతున్నా.

ఇంకా ఒకటి చెప్పాలి, దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మీటర్ల లెక్కన మెషీన్‌లో కొట్టిన ప్రింటుని కలంకారి అనేసి అమ్మేస్తున్నారు, దాంతో ధరలో పోటీ పడకు, ఎప్పటికీ గెలవలేవు. నీది చేత్తో వేసింది అని కొనేవాళ్లకి తెలిసేలా చెయ్యి, వేస్తున్నప్పటి వీడియో పెట్టు, వెనక వైపు చూపించు. కానీ నువ్వు హైదరాబాద్‌లో వేసినదాన్ని శ్రీకాళహస్తి కలంకారి అని లేబుల్ వెయ్యకు, ఆ పేరుకి జీఐ గుర్తింపు ఉంది, అది ఆ ప్రాంతంలో తయారయ్యే సరుకుకి చెందిన పేరు. చేతితో వేసిన కలంకారి అని రాసుకో, చాలు. లేదంటే ఇంకో దారి ఉంది, నాకైతే ఇదే నచ్చింది. గీత నువ్వు గీసి, రంగులు నింపడం, ఉడకబెట్టడం, ఉతకడం అక్కడి వాళ్లకి అప్పజెప్పు. అక్కడి వర్క్‌షాపుల్లో రంగులు నింపే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు, మీ మాస్టారే ఏర్పాటు చెయ్యగలరేమో అడుగు. వాళ్లకి కూలి సరిగ్గా ఇవ్వు, అప్పుడు నీ 60 గంటలు 20కి దిగొచ్చు, నీళ్ల బాధా ఎండ బాధా కూడా పోతాయి. పండగలకి పుట్టింటికి ఎలాగూ వెళ్తావు.

ఇక డబ్బు సంగతులు. నువ్వు ఈ కంపెనీలో నాలుగున్నరేళ్లు అన్నావు, ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు సర్వీసుకి కంపెనీ ఇచ్చే డబ్బు, వస్తుంది, ఆర్నెల్ల కోసం దాన్ని వదులుకోవద్దు. ఉదాహరణకి బేసిక్ 40 వేలు అనుకుంటే, నెలకి 26 రోజులుగా లెక్కేసి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఐదేళ్లకి లక్షా 15 వేలు దాటుతుంది. పీఎఫ్‌లో పెన్షన్ భాగానికి మొత్తం సర్వీసు పదేళ్లు కావాలి, కంపెనీ మారినప్పుడు పాత పీఎఫ్ బదిలీ అయిందో లేదో ఇవాళే చూసుకో, అయ్యుంటే ఆ పదేళ్లూ నీకు దగ్గర్లోనే ఉన్నాయి. మానేశాక పీఎఫ్ డబ్బు తీసి రంగులు కొనకు, ఇది బతిమాలి చెప్తున్నా.

అత్తగారి ఇన్సూరెన్స్ అన్నింటికన్నా ముందు చూడాల్సింది. నువ్వు మానేసిన రోజు కంపెనీ పాలసీ కూడా ఆగిపోతుంది, కొత్తగా తీసుకుంటే ముందే ఉన్న షుగరూ బీపీలకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. కాబట్టి ఉద్యోగంలో ఉండగానే ఆవిడకి విడిగా పాలసీ తీసుకో, గ్రూపు పాలసీ నుంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుందేమో హెచ్ఆర్‌ని అడుగు, అడిగితే నష్టం లేదు. అలాగే అపాయింట్‌మెంట్ లెటర్ తీసి ఇంకో సంపాదన ఉండకూడదని ఏమైనా రాశారేమో చదువు, ఉంటే రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకో. దాచి చెయ్యకు.

కేంద్ర జౌళి శాఖ కింద హస్తకళల కమిషనర్ ఆఫీసు చేతిపనివాళ్లకి ఇచ్చే పెహచాన్ కార్డుకి అప్లై చెయ్యి, ఆ గుర్తింపు ఉంటే ప్రభుత్వం పెట్టే క్రాఫ్ట్ బజార్లలో స్టాల్ అడగడానికి పనికొస్తుంది. చిన్న వ్యాపారాలకి చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, చేసిపెడతా డబ్బులివ్వు అని ఎవరన్నా ఫోన్ చేస్తే పెట్టెయ్. తెలంగాణలో వస్తువుల అమ్మకం ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, వేరే రాష్ట్రాలకి పంపేటప్పుడు రూల్ వేరు, చేతిపని వస్తువులకి కొన్ని మినహాయింపులున్నాయి, దానికి ఒక్కసారి ఆడిటర్‌కి ఫీజు ఇచ్చి కనుక్కో. మాదాపూర్ శిల్పారామంలో డిసెంబర్‌లో మేళా జరుగుతుంది, ఈసారి కొనడానికి కాకుండా అమ్మేవాళ్ల పక్కన కూర్చోడానికి వెళ్లు, రోజుకి ఎంతమంది చూస్తారు, ఎంతమంది బేరమాడి వెళ్లిపోతారు, ఎంతమంది నిజంగా సంచి పట్టుకెళ్తారు అనేది సాయంత్రం దాకా కూర్చుంటేనే తెలుస్తుంది.

ఎప్పుడు మానొచ్చో కూడా చెప్తా, లేకపోతే అక్క ఏమీ తేల్చలేదు అనుకుంటావు. నీ చేతి పని మీద, ఖర్చులు పోగా, వరసగా ఆర్నెల్లు ఈఎంఐకి సరిపడా మిగిలితే, పన్నెండు నెలల ఇంటి ఖర్చు విడిగా బ్యాంకులో ఉంటే, అత్తగారి పాలసీ చేతిలో ఉంటే, అప్పుడు మానెయ్, నన్ను కూడా అడక్కు. ఈలోపు ఆ రాత్రి కాల్స్ లేని ప్రాజెక్టుకి మారే దారి ఏదన్నా ఉందేమో చూడు తల్లీ, కడుపులో తిప్పుతోంది అన్నావు చూడు, అది చదివి బాధేసింది. కలంకారి నిలదొక్కుకునేదాకా నువ్వు ఆరోగ్యంగా ఉండాలి కదా.

ప్రశ్న: నమస్కారం మేడమ్. డాలస్‌లో హెచ్ వన్ బీ మీద ఉన్నాను, 38 ఏళ్లు, డేటాబేస్ అడ్మిన్. వంటంటే పిచ్చి, వారాంతాల్లో తెలిసినవాళ్లకి పులిహోర, గుత్తివంకాయ, పెసరట్లు చేసి ఇస్తుంటే డబ్బులిస్తున్నారు, ఆర్డర్లు బాగా పెరిగాయి. ఉద్యోగం మానేసి ఇదే చెయ్యాలనుంది. లేకపోతే ఇండియా వచ్చేసి విజయవాడలో పెట్టాలా అని కూడా ఆలోచన. మా ఆవిడ నా మీద ఆధారపడ్డ హెచ్ ఫోర్ వీసాలో ఉంది.

జవాబు: బాబూ, ముందు ఆ డబ్బులు తీసుకోవడం ఆపండి. హెచ్ వన్ బీ మీ కంపెనీలో ఆ ఉద్యోగానికి మాత్రమే ఇచ్చిన అనుమతి, పక్కన వంట చేసి సంపాదించడం అందులోకి రాదు, ఇది రేపు గ్రీన్ కార్డు దగ్గర మీ మెడకి చుట్టుకుంటుంది. స్నేహితులకి ప్రేమగా పెట్టండి, అది మీ ఇష్టం. ఉద్యోగం మానేస్తే మీకు దొరికేది గరిష్ఠంగా 60 రోజుల గడువు, మీ స్టేటస్ పోతే మీ ఆవిడదీ పోతుంది. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే మీ ఐ 140 అప్రూవ్ అయ్యుంటే ఆవిడ ఈఏడీకి, అంటే పని చేసుకునే అనుమతికి, అప్లై చెయ్యొచ్చు, అది వస్తే వ్యాపారం ఆవిడ పేరున, ఆవిడే నడిపేలా పెట్టుకోవచ్చు, కానీ ఆవిడకి నిజంగా ఇష్టముందా అని అడిగారా? మీ ఉత్తరంలో ఆవిడ గురించి ఒక్క వాక్యమే ఉంది. వంట మీదే అయ్యి పేరు మాత్రం ఆవిడదైతే మళ్లీ మొదటికే వస్తుంది, అది కూడా ఇమిగ్రేషన్ లాయర్‌తో కూర్చుని మాట్లాడాకే. ఇంటి వంట అమ్మడానికి అక్కడి రాష్ట్రం రూల్స్ వేరే ఉంటాయి, అవీ చదువుకోవాలి.

విజయవాడ ఆలోచన నాకు ఇంతకన్నా బాగుందనిపిస్తోంది, ఒక్క షరతు మీద. డాలస్‌లో మీ గుత్తివంకాయకి ఉన్న గిరాకీలో సగం, ఊరికి దూరంగా ఉన్నవాళ్ల బెంగ. విజయవాడలో ఆ బెంగ ఎవరికీ లేదు, వీధికో కర్రీ పాయింట్ ఉంది, వాటి ధరలు మీకు తెలుసు. అక్కడ నిలబడాలంటే వంట మాత్రమే చాలదు, పొద్దున నాలుగింటికి కూరగాయల మార్కెట్టూ, పని మానేసే కుర్రాళ్లూ, గ్యాసు బండలూ, తిండి అమ్మడానికి కావాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషనూ అన్నీ మీవే. సెలవు పెట్టి నెలరోజులు రండి, పండగ టైములో కాదు, మామూలు రోజుల్లో, తెలిసినవాళ్ల క్యాటరింగ్‌లో పొద్దున్నుంచి గిన్నెలు కడిగేదాకా ఉండి పని చెయ్యండి. మీ ఆవిడనీ తీసుకురండి, ఆ ఇంట్లో ఉండాల్సింది ఆవిడ కూడా. ఆ నెల తర్వాత ఇద్దరూ కలిసి మళ్లీ రాయండి, అప్పుడు స్థలం, అద్దె, పెట్టుబడి గురించి వివరంగా మాట్లాడుకుందాం.