1980 నాటి ‘షాడోస్’ని బెంగళూరులో మళ్ళీ ఆడించాక

మీరు అడిగింది ఇది: ట్రావెలర్ అనే అంతరిక్ష కథల ఆటకు 1980లో వచ్చిన ‘షాడోస్’ అనే పాత సాహసాన్ని (ఆడించడానికి ముందే రాసిపెట్టిన కథ), ఎప్పుడూ ఇలాంటి ఆటలు ఆడని మన తెలుగువాళ్ళతో ఇప్పుడు ఆడించొచ్చా, ఏమేం మార్చాలి, అదే పుస్తకంలో ఉన్న ‘ఆనిక్ నోవా’ని కూడా వెంటనే ఎత్తుకోవచ్చా అని.

ఆడించొచ్చు. నేను పోయిన డిసెంబరులో మా ఇంట్లోనే ఆడించాను. మార్చాల్సింది మీరు అనుకున్నదానికంటే చాలా తక్కువ. మీరు ఆడబోయేవాళ్ళైతే మాత్రం ఇక్కడితో ఆపేయండి, కింద కథంతా ఉంది. ఆడించేవాళ్ళ కోసమే రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. ట్రావెలర్ 1977లో వచ్చింది. మార్క్ మిల్లర్ రూపొందించాడు, గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ అచ్చువేసింది. బోర్డు ఉండదు. ఒకరు రిఫరీగా కూర్చుని లోకాన్ని వర్ణిస్తుంటే, మిగతావాళ్ళు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. సందేహం ఉన్నచోట రెండు పాచికలు వేస్తారు. ‘షాడోస్’, ‘ఆనిక్ నోవా’ ఒకే చిన్న నల్ల అట్ట పుస్తకంలో వచ్చాయి. ఒకటి చదివాక పుస్తకాన్ని తలకిందులుగా తిప్పితే రెండోది మొదలవుతుంది.

నేను మొదటిసారి ఆడింది 2005లో, బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉన్నప్పుడు. మా రూమ్‌లో ఒక సీనియర్ దగ్గర ఆ పుస్తకం ఉండేది, వాళ్ళ పెదనాన్న అమెరికా నుంచి తెచ్చిందట. ఆయన చదువుతుంటే మేం ముగ్గురం మంచం మీద కూర్చుని ఆడాం. ఇన్నేళ్ళ తర్వాత నాకు గుర్తున్నది ఆ పిరమిడ్లు కాదు, అక్కడి గాలి.

కథ ఇంతే. యోర్‌బండ్ అనే గ్రహం మీద ఎవరో ఎప్పుడో కట్టి వదిలేసిన పిరమిడ్లు ఉంటాయి. వాటి మీదుగా వెళ్ళిన మన అంతరిక్ష ఓడ మీద కింద నుంచి దాడి జరుగుతుంది, దిగక తప్పదు. ఆ ఆయుధాన్ని ఆపేదాకా మళ్ళీ ఎగరలేం. ఆపాలంటే లోపలికి వెళ్ళాలి. అక్కడి గాలి మామూలు విషవాయువు కాదు, వేసుకున్న స్పేస్‌సూటునే మెల్లగా తినేస్తుంది. ఆ రకం గాలికి ఎంత మంచి సూటైనా 2 నుంచి 12 గంటలకంటే ఆగదని మూలపుస్తకంలోనే ఉంది.

ఈ సంగతి తెలిసి కూడా నేను డిసెంబరులో ఒక తప్పు చేశాను. ఇప్పటివాళ్ళకి ఖాళీ పిరమిడ్ బోరు కొడుతుందేమోనన్న టెన్షన్‌తో లోపల ఒక స్మగ్లర్ల ముఠాని పెట్టాను. వాళ్ళకో నాయకుడు, వాడికో పాత పగ. మొదటి శనివారం రెండు గంటలు కాల్పులతోనే సరిపోయింది. గాలి సంగతి ఎవరికీ గుర్తే లేదు. టీ తాగుతుంటే మా బావమరిది అన్నాడు: “బావా, ఇది పిరమిడ్‌లో కాకుండా మన కేఆర్ మార్కెట్‌లో జరిగినా ఇంతే కదా?” ఆ మాట నిజం. ఆ రాత్రి ముఠాని మొత్తం తీసేసి, వచ్చే శనివారం ఓడ దిగిన దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెడదామని అందరికీ చెప్పేశాను. కాబట్టి నా మొదటి సలహా: ఎవర్నీ కొత్తగా చేర్చకండి. అక్కడ ఎవరూ లేకపోవడమే దాని బలం.

రెండోది, గాలిని కళ్ళ ముందు పెట్టండి. నేను చేసింది చెబుతాను. ఒక్కొక్కరి సూటుకి నేను ఒక్కడినే చాటుగా రెండు పాచికలు వేసి, ఎన్ని గంటలో రాసుకున్నాను. అరగంటకి ఒకటి లెక్కన అన్ని చింతపిక్కలు ఒక్కో స్టీలు గ్లాసులో వేసి, పైన మూత పెట్టి వాళ్ళ ముందుంచాను. ఆటలో అరగంట గడిచినప్పుడల్లా నేనే ఒక్కో గ్లాసులోంచి ఒక పిక్క తీసి పళ్ళెంలో వేస్తాను. గ్లాసు ఎత్తి ఊపి చూడటానికి వీల్లేదు. రెండే మిగిలినప్పుడు మాత్రం ఆ మనిషికి ఒక సూచన ఇస్తాను. ఇది తప్పకుండా ఇవ్వండి, చెప్పాపెట్టకుండా చంపేస్తే ఆడేవాళ్ళకి న్యాయం చేసినట్టు కాదు.

నలుగురు ఆడారు: మా ఆవిడ, బావమరిది, శ్రీకాకుళం నుంచి వచ్చిన మా ఆఫీసు మిత్రుడు, ఇంజినీరింగ్ చదువుతున్న మా అక్క కూతురు. అందరిలోకి మేనకోడలి సూటుకే తక్కువ పడింది, నాలుగు గంటలు. ఎనిమిది పిక్కలు. అందరికంటే ముందు నడుస్తున్నదీ తనే. లోపలికి వెళ్ళిన మూడు గంటలకి ఆరో పిక్క పళ్ళెంలో పడింది. “నీ హెల్మెట్ అద్దం అంచున కొంచెం మసక పట్టింది” అన్నాను. “తుడుచుకుంటాను” అంది. “అది లోపలివైపు” అన్నాను. ఇక ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. కాసేపటికి తనే అడిగింది: “మామయ్యా, ఇక్కడిదాకా రావడానికి మనకి ఎంతసేపు పట్టింది?” మా ఆవిడ గ్రాఫ్ పేపర్ మీద గీసుకున్న దారి వెంట వేలు పెట్టి గడులు లెక్కపెట్టింది. ఆగి వెతికిన సమయం తీసేస్తే, నేరుగా నడిచినా గంటన్నర. గ్లాసులో ఉన్నది గంటకి సరిపడా. ఆ సంగతి నాకు తెలుసు, వాళ్ళు ఊహించారు.

బావమరిది పాత్రకి మరమ్మతు పని వచ్చు. సూటుకి అతుకు వేస్తానన్నాడు. 8 గానీ పైన గానీ పడాలన్నాను, 9 పడింది. రెండు పిక్కలు తీసి తిరిగి గ్లాసులో వేశాను. ఆ టకటకకి అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు వాళ్ళంతట వాళ్ళే రెండు జట్లుగా విడిపోయారు. శ్రీకాకుళం మిత్రుడు “పిల్లని నేను తీసుకెళ్తాను, మీరిద్దరూ ముందుకెళ్ళండి” అన్నాడు. ఈ నిర్ణయం పుస్తకంలో లేదు, నేనూ అనుకోలేదు. మేనకోడలు ఎయిర్‌లాక్ (బయటి గాలి ఓడలోకి రాకుండా ఆపే గది) చేరేసరికి తన గ్లాసులో ఒక్క పిక్క ఉంది. ఆయుధాన్ని ఆపిన ఇద్దరూ ఇంకో రెండు గంటల తర్వాత వచ్చారు.

మార్చాల్సిందల్లా ఒక్కటే, తలుపులు. ఈ ఆటలో మామూలుగా పని జరగాలంటే 8 లేదా పైన పడాలి. రెండు పాచికల మీద 36లో 15 సార్లే అలా పడుతుంది, అంటే దాదాపు 42 శాతం. ఒక తలుపు దగ్గర వరసగా మూడుసార్లు పడకపోతే ఆట అక్కడే నిలిచిపోతుంది. నేనేం చేశానంటే, పాచిక పడకపోయినా తలుపు తెరుచుకుంటుంది, కానీ అరగంట పోతుంది. అంటే అందరి గ్లాసుల్లోంచి ఒక్కో పిక్క. అప్పుడు తలుపు కూడా గాలితో చేతులు కలిపినట్టే.

పాత్రలు తయారుచేసే భాగాన్ని టైమ్ లేదని వదిలేయకండి. పాత్ర 18 ఏళ్ళ వయసులో ఉద్యోగంలో చేరి, నాలుగేళ్ళకొక టర్మ్ చొప్పున పనిచేస్తుంది. ప్రతి టర్మ్‌కీ బతికి బయటపడిందా అని పాచిక వేయాలి. స్కౌట్లకి, అంటే కొత్త చోట్లు వెతికి చూసే ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి, 7 లేదా పైన పడాలి. ఒంటి దారుఢ్యం (ఇదీ పాచికలతో తేలే అంకే) 9 కంటే తక్కువున్న స్కౌట్లలో రెండు టర్ములు దాటేవాళ్ళు మూడింట ఒక వంతే. మా బావమరిది మొదటి పాత్ర ఆట మొదలవకుండానే రెండో టర్మ్‌లో పోయింది. అతను నిజంగా బాధపడ్డాడు, అప్పటికే దానికి పేరు పెట్టి, ఊరు కూడా అనుకున్నాడు. తర్వాత వ్యాపార ఓడల మనిషిని చేసుకున్నాడు. కానీ ఈ ఆటలో చావు ఉత్తుత్తిది కాదని పిరమిడ్ దాకా రాకముందే అందరికీ అర్థమైంది.

ఇప్పటివాళ్ళు రెండు ప్రశ్నలు తప్పకుండా వేస్తారు. ఒకటి, సాయం కోసం మెసేజ్ పంపొచ్చు కదా అని. ఈ లోకంలో ఓడకంటే వేగంగా ఏ కబురూ వెళ్ళదు, ఒక నక్షత్రం నుంచి ఇంకోదానికి దూకడానికి దాదాపు వారం పడుతుంది. ఈ సంగతి మొదట్లోనే చెప్పేయండి, భయం సగం అక్కడే పుడుతుంది. రెండోది, ఓడ కంప్యూటర్ గురించి. 1977 రూల్స్‌లో అన్నిటికంటే చిన్న కంప్యూటరే ఒక టన్ను చోటు తింటుంది. నలుగురిలో ముగ్గురు సాఫ్ట్‌వేర్ వాళ్ళు, నవ్వారు. నేను సమర్థించలేదు, మార్చలేదు. ఈ లోకం ఇంతే అన్నాను, ఐదు నిమిషాల్లో మర్చిపోయారు.

తెలుగులోనే ఆడించండి. పీజీలో మేం ఇంగ్లిష్‌లో ఆడాం, ప్రతి వర్ణనా పాఠంలా వినిపించేది. ఇప్పుడు ఎయిర్‌లాక్, సూట్, రాడార్ లాంటి మాటలు అలాగే ఉంచి, మిగతాదంతా మనం మాట్లాడుకునేట్టే చెప్పాను. “గోడ చేత్తో తాకితే గరుకుగా ఉంది, వేలికి పొడి అంటుకుంది” అంటే చాలు, అందరూ చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

ఇక ‘ఆనిక్ నోవా’. అది మొదట 1979లో, ఈ ఆట కోసం వచ్చిన పత్రిక జర్నల్ ఆఫ్ ది ట్రావెలర్స్ ఎయిడ్ సొసైటీ తొలి సంచికలో వచ్చింది. ఎవరిదో తెలియని ఓడ, లోపల బతికున్నవాళ్ళు లేరు. చాలా బాగుంటుంది, కానీ వెంటనే వద్దు. అదీ ఖాళీ చోటే, వరసగా రెండు ఆడిస్తే రెండోది పలచబడుతుంది. మధ్యలో నాలుగైదు వారాలు సరుకుల వ్యాపారం చేయనివ్వండి. మా వాళ్ళది ఫ్రీ ట్రేడర్ అనే చిన్న సరుకుల ఓడ. ఖరీదులో 240వ వంతు చొప్పున నెలనెలా, 40 ఏళ్ళు కట్టాలి, అంటే నెలకి 1,54,500 క్రెడిట్లు. ఆ లెక్కలు మా ఆవిడ చూస్తోంది, ఇంటి లోన్ లెక్కలు చూసే నోట్‌బుక్‌లోనే వెనక పేజీల్లో రాస్తోంది. ఇప్పటిదాకా మూడు వాయిదాలు కట్టారు. నాలుగోదానికి డబ్బు తక్కువ పడేలా ఉంది. అది కట్టలేకపోయిన నెలలోనే, ఎవరిదో తెలియని ఆ ఓడ వాళ్ళ రాడార్ మీద కనిపిస్తుంది.