కోత మిషన్‌లో గింజ సెన్సార్ ఉందంటే బాడుగ ఎక్కువ ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. మూడు కయ్యల్లో నెల్లూరు మసూరి వరి వేశాం. గంటకు 2,500 బాడుగకు చైన్ మిషన్ (టైర్లకు బదులు చైన్ల మీద నడిచే కోత మిషన్) పెట్టి కోయించాం. తర్వాత వాన పడితే రెండు కయ్యల్లో గడ్డి వరసల వెంటే మొలకలు వచ్చాయి. పైరు పడిపోయిన మూడో కయ్యలో అంతటా వచ్చాయి. ఇంకో మిషన్ ఆయన, తన దానికి గింజ నష్టం చూపించే సెన్సార్ ఉంది, గంటకు 300 ఎక్కువ ఇవ్వమంటున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు: మీ కయ్యలో మొలకలే సగం జవాబు చెప్పేశాయి. గడ్డి వరస వెంట మొలిచాయంటే ఆ గింజలు మిషన్ లోపలికి వెళ్లి, ట్యాంకులో పడకుండా గడ్డితో పాటు వెనక నుంచి బయటికి పోయాయి. అంతటా మొలిచాయంటే ముందున్న కత్తెర దగ్గరో, కోతకు ముందేనో రాలిపోయాయి, అసలు లోపలికే వెళ్లలేదు. సెన్సార్ ఉండేది మిషన్ వెనక భాగంలో, జల్లెడ చివర, గడ్డి బయటికి వచ్చే చోట. ముందు రాలిన గింజ దానికి తెలియదు. కాబట్టి మూడో కయ్యకు మీరు ఎంత ఎక్కువ ఇచ్చినా దానితో పని లేదు.

ముందు ఒక సంగతి అడిగి తెలుసుకోండి. ట్యాంకు నిండితే కూత పెట్టే అలారాన్ని కూడా మనవాళ్లు సెన్సార్ అనే అంటారు. మీకు కావాల్సింది అది కాదు.

అసలైన గింజ సెన్సార్ ఒక చిన్న పలక. గ్యాస్ లైటర్ నొక్కితే లోపలి బిళ్ల దెబ్బకు కరెంటు పుట్టి నిప్పురవ్వ వస్తుంది కదా, ఇదీ అలాంటిదే. గింజ టక్కున తగిలితే ఒకరకం సంకేతం, గడ్డి మెత్తగా రాసుకుంటే ఇంకోరకం. రెండింటినీ వేరు చేసి, గింజ దెబ్బల్నే లెక్కపెట్టి డ్రైవర్ ముందు తెర మీద గీతలుగా చూపిస్తుంది. అయితే గడ్డిలో చిక్కుకుపోయిన గింజ పలకకు తగలదు, వెన్నుకే అంటుకుని పోయిన గింజా సరిగా లెక్కకు రాదు. లావు గింజకు సరిచేసిన మిషన్‌ను అలాగే తెచ్చి మీ సన్నగింజలో దింపితే తక్కువ చూపించవచ్చు. అందుకే అది చూపించే గీతలు కిలోలు కావు. నష్టం పెరుగుతోందా తగ్గుతోందా అన్నంతవరకే వాటి మాట నమ్మాలి.

కిలోల లెక్క తాడుతో తేలుతుంది. కత్తెర వెడల్పు 2 మీటర్లయితే, మిషన్ పోయిన దారికి అడ్డంగా 2 మీటర్లు, దారి పొడవున అర మీటరు వచ్చేలా తాడు పరిస్తే సరిగ్గా ఒక చదరపు మీటరు. గడ్డి దులిపి, వెన్నులకు మిగిలినవి కూడా రాల్చి, తాలు తీసేసి తూకం వేయండి. ఒక గ్రాము వస్తే ఎకరాకు 4 కిలోలు పోయినట్టు. 15 గ్రాములంటే 60 కిలోలు. 75 కిలోల మూటలు 30 పండే ఎకరాలో అది నూటికి రెండున్నర పైమాటే, నేనైతే అక్కడ మిషన్ ఆపిస్తాను. గడ్డి వరస కింద మాత్రమే ఏరితే లెక్క తప్పుతుంది, వెడల్పంతటి గింజా అక్కడే పడుతుంది కాబట్టి నష్టం దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. కోయని పైరులో కూడా ఒక చదరపు మీటరు చూసి, ముందే రాలిన దాన్ని తీసేయండి. లేకపోతే పాపం డ్రైవర్ మీద పడుతుంది.

ఇక కారణం. ఎక్కువసార్లు అది వేగమే. ఎకరా లెక్కన అయితే డ్రైవర్ తొందరపడతాడు, గంట బాడుగ అయితే గెనిమ (గట్టు) మీద నిలబడి మనమే తొందరపెడతాం. ఎకరాకు 10 నిమిషాలు ఎక్కువ పడితే మీకు దాదాపు 420 రూపాయల ఖర్చు. 40 కిలోలు మిగిలితే, 2025-26 సాధారణ రకం మద్దతు ధర క్వింటాలు 2,369 లెక్కన 940 పైనే. అదే వరసలో కొంతదూరం మామూలుగా, కొంతదూరం నెమ్మదిగా నడిపించి రెండు చోట్లా తాడు వేస్తే తేడా మీకే తెలుస్తుంది. వేగం తగ్గించినా గట్టి గింజలు తాలుతో కలిసి పోతుంటే ఫ్యాన్ గాలి తగ్గించమనండి. వెన్నులకే గింజ మిగిలితే, గింజ రాల్చే డ్రమ్ము దగ్గర సర్దాలి, కానీ డ్రమ్ము వేగం మరీ పెంచితే ట్యాంకులో విరిగిన గింజ కనిపిస్తుంది. మంచు ఆరకముందే మిషన్ దించొద్దు. గింజలో తేమ 20-22 శాతం ఉన్నప్పుడు కోత అనుకూలం.

300 ఎక్కువ ఇవ్వడం అన్నారు కదా. మొదటి వరసలోనే ఆపి, తాడు వేసి, ఇన్ని గీతలకు ఇన్ని గ్రాములని మీతో కలిసి చూసుకుని, గీతలు పెరిగినప్పుడల్లా వేగం తగ్గించే డ్రైవర్ అయితే ఇవ్వండి. తెర వైపు చూడని డ్రైవర్‌కు ఇవ్వడం దండగ. ఆ డబ్బుతో మీ పాత మిషన్‌నే ఇంకో ఏడు నిమిషాలు నెమ్మదిగా నడిపించుకోవచ్చు.

పడిపోయిన కయ్యలో పైరు వాలిన దిక్కుకు ఎదురుగా కోయించండి, రీలు (పైరును కత్తెర వైపు లాగే ముందు చక్రం) కాస్త కిందికి, ముందుకు జరిపించి. అలాగైతే ఒకవైపే కోత సాగుతుంది, మిషన్ ప్రతిసారీ ఖాళీగా వెనక్కి రావాలి. ఆ ఖాళీ తిరుగుడుకు బాడుగ ఎంతో కయ్యలో దిగకముందే మాట్లాడుకోండి.

– వ్యవసాయ ఇంజినీరింగ్ శాస్త్రవేత్త, తిరుపతి