జ్వరం తగ్గింది, దగ్గు మాత్రం వదలడం లేదు

ప్రశ్న: మా అత్తగారికి 78 ఏళ్లు. ఛాతీలో ఇన్ఫెక్షన్ వచ్చి ఐదు వారాలు దాటింది. న్యుమోనియా అన్నారు. రెండు కోర్సుల యాంటీబయాటిక్స్ అయ్యాయి. జ్వరం మొదటి వారంలోనే పోయింది కానీ దగ్గు, కఫం తగ్గలేదు. రోజంతా మంచం మీదే ఉంటున్నారు, లేవమంటే విసుక్కుంటున్నారు. మంచినీళ్లు తాగినా పొలమారుతోంది. రాత్రి నిద్ర పడుతుందని మేమే ఒక దగ్గు సిరప్ తెచ్చి ఇస్తున్నాం. ఇంకా బలమైన యాంటీబయాటిక్ రాయమని డాక్టరుగారిని అడగమంటారా? ఆవిరి పట్టించవచ్చా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగిన ప్రశ్నల దగ్గర కాదమ్మా, మాటవరసకు రాసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. మంచినీళ్లు తాగినా పొలమారుతోంది అన్నారు చూడండి, అక్కడ.

పొలమారిందంటే కడుపులోకి వెళ్లాల్సింది ఊపిరితిత్తుల దారి పట్టిందన్నమాట. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లు నాలుగుసార్లు గట్టిగా దగ్గి బయటికి తోసేస్తారు. నీరసించిన పెద్దవాళ్ల దగ్గులో ఆ బలం ఉండదు. నోట్లో ఉన్న సూక్ష్మజీవులతో సహా ఆ తడి ఛాతీలోకి దిగుతుంది. ఒక పక్క మందు వేస్తూ మరో పక్క పూటపూటా కొత్త ఇన్ఫెక్షన్‌కు తలుపు తీసిపెడితే, ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ మాత్రం ఏం చేస్తుంది? అందుకని ‘ఇంకా పవర్ ఉన్నది రాయండి’ అనకండి. ‘ఈవిడ సరిగ్గా మింగగలుగుతున్నారో లేదో చూస్తారా?’ అని అడగండి. ఆ పరీక్ష స్పీచ్ థెరపిస్టులు చేస్తారు. చాలామంది వాళ్లు మాటలు నేర్పడానికే అనుకుంటారు.

ఈలోపు ఆవిడకు పడుకోబెట్టి గానీ, దిండ్లకు జారగిలబడి ఉండగా గానీ ఏమీ పెట్టకండి, తాగించకండి. కుర్చీలో నిటారుగా కూర్చోవాలి. గుక్క చిన్నదిగా ఉండాలి. నోట్లో ఏదైనా ఉన్నప్పుడు మీరు ప్రశ్నలు వేయకూడదు (ప్రేమ ఎక్కువైనవాళ్లు చేసే పని ఇదే). తిన్నాక అరగంట పడుకోనివ్వకండి. కట్టుడు పళ్లు ఉన్నాయో లేదో రాయలేదు. ఉంటే రాత్రి తీయించి శుభ్రం చేయండి. జపాన్‌లో 85 ఏళ్లు దాటినవారిని గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, కట్టుడు పళ్లతోనే నిద్రపోయేవారికి న్యుమోనియా ముప్పు రెండింతలకు పైగా ఉన్నట్టు తేలింది.

ఇక ఐదు వారాల సంగతి. న్యుమోనియా నుంచి కోలుకునేటప్పుడు కఫం బాగా తగ్గడానికి నాలుగు వారాలు, దగ్గు, ఆయాసం నెమ్మదించడానికి ఆరు వారాలు మామూలే. నీరసం మూడు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు కూడా ఉంటుంది. వారం వారం కొద్దిగానైనా మెరుగవుతున్నారా లేదా అన్నదే చూడాలి. రెండు వారాలుగా ఉన్నచోటే ఉంటే మాత్రం మూడో కోర్సు మొదలుపెట్టకముందే కఫం పరీక్ష చేయించమనండి. దగ్గు రెండు వారాలు దాటింది కాబట్టి అందులో క్షయ కూడా చూడాలి. ఆరు వారాలకు మళ్లీ ఎక్స్‌రే తీయాలి. కాళ్లు వాచినా, పడుకోగానే ఆయాసం వచ్చినా గుండె సంగతీ చూడమనండి.

మంచం గురించి చెప్పాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఛాతీ డాక్టరుగా ముప్పయ్యేళ్లు అందరికీ లేవండి, నడవండి అని చెప్పినదాన్ని, మా నాన్నకు న్యుమోనియా వచ్చినప్పుడు ‘పాపం, అలసిపోయారు’ అని పన్నెండు రోజులు పడుకోనిచ్చాను. పదమూడో రోజు కుర్చీలోంచి లేవబోతే కాళ్లు వణికి కూలబడ్డారు. 2007లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే పది రోజులు మంచం మీద ఉండేసరికి కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిపోయింది. జబ్బుతో ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పాలా? పైగా పడుకుని ఉంటే ఊపిరితిత్తుల అడుగు భాగం సరిగ్గా తెరుచుకోదు, కఫం అక్కడే పేరుకుంటుంది. డాక్టరుగారు వద్దనకపోతే మొదట పూటకు పావుగంట కుర్చీ, తర్వాత గది దాకా నడక, ఆ తర్వాత రెండు గదులు.

కూర్చున్నప్పుడే ఇది చేయించండి. మూడు నాలుగు సార్లు నిదానంగా లోతుగా ఊపిరి తీసుకుని, ప్రతిసారీ రెండు మూడు సెకన్లు పట్టి వదలాలి. తర్వాత అద్దం మీద ఆవిరి పట్టించడానికి ఊదినట్టు నోరు బాగా తెరిచి ‘హా’ అని ఒకటి రెండుసార్లు గట్టిగా ఊదాలి. కఫం పైకి వచ్చినట్టనిపించాక దగ్గి ఉమ్మేయాలి. కాసేపు మామూలుగా ఊపిరి పీల్చుకుని మళ్లీ చేయాలి. ఊరికే దగ్గి దగ్గి అలసిపోవడం కంటే ఇది తేలిక. తల తిరిగితే ఆపేయండి.

సిరప్ ఆపేయండి. నిద్ర పట్టించే దగ్గు మందులు పెద్దవాళ్లను మత్తులో, అయోమయంలో పడేస్తాయి, బయటికి రావాల్సిన కఫాన్ని లోపలే ఉంచేస్తాయి. మింగడమూ ఇంకా కష్టమవుతుంది. ఆవిరికి నేను పెద్దగా మొగ్గు చూపను. వేడినీళ్ల గిన్నె ఒళ్లో ఒలికి కాలిన కేసులు చూశాను.

జ్వరం లేదు కదా అని ధీమాగా ఉండకండి. ఈ వయసులో ఇన్ఫెక్షన్ తిరగబెట్టినా ఒళ్లు వేడెక్కకపోవచ్చు. ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడటం, పడిపోవడం, తిండి పూర్తిగా మానేయడమే గుర్తులు కావచ్చు. ఆవిడకు తెలియకుండా గడియారం పెట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు ఛాతీ పైకి లేస్తోందో లెక్కపెట్టండి. 30 దాటినా, పెదవులు నీలంగా మారినా, కఫంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పాత ఊపిరితిత్తుల జబ్బు లేనివాళ్లకు ఆక్సిమీటర్ 92 కంటే తక్కువ చూపించినా అంతే. కొలిచే ముందు చేతులు వెచ్చబరచండి. వేళ్లు చల్లగా ఉంటే అంకె తప్పు వస్తుంది.

లేవమంటే విసుక్కుంటున్నారన్నారు. మా నాన్న నా వంక చూడటమే మానేశారు. చివరికి బతిమాలడం ఆపి, ఆయన రేడియో తీసుకెళ్లి పక్క గదిలో పెట్టాను. వార్తల వేళకు గోడ పట్టుకుని వెళ్లేవారు, వెనకే నేను. నాలుగో వారంలో నన్ను నాలుగు తిట్టి, ఆ రేడియో తనే చంకలో పెట్టుకుని తన గదికి తెచ్చేసుకున్నారు.