డ్రైయర్ కొంటున్నారా? ముందు కింది మూత తెరిచి చూపించమనండి

వానలు మొదలయ్యాక ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు కాస్త వెనక్కి తగ్గి, బట్టల గోల ముందుకొస్తుంది. అందుకే ఈసారి టంబుల్ డ్రైయర్ల, అంటే తడిబట్టలను డ్రమ్ములో తిప్పుతూ వేడిగాలితో ఆరబెట్టే మెషీన్ల ప్రశ్నలే తీసుకున్నాను.

ప్రశ్న: మాది హైదరాబాద్ మియాపూర్‌లో పదహారో అంతస్తు ఫ్లాట్. బాల్కనీలో బట్టలు ఆరేయకూడదని అసోసియేషన్ రూలు. యుటిలిటీలో తాడు కట్టుకున్నా వానలప్పుడు రెండు రోజులకు కూడా ఆరవు. పిల్లల యూనిఫాంలు ముక్క వాసన వస్తున్నాయి. షోరూంలో ఒకరు వాషర్ డ్రైయర్ అంటారు, ఒకరు కండెన్సర్ అంటారు, ఇంకొకరు హీట్ పంప్ అంటారు. ఎక్కువ కాలం మన్నేది ఏది?

జవాబు: మీ ఇంటికైతే హీట్ పంప్ డ్రైయర్ తీసుకోండి. వాషింగ్ మెషీన్‌తో కలిసి వచ్చేది కాదు, విడిగా దొరికేది. ఈ సలహా అందరికీ పనికి రాదు కాబట్టి కారణాలు కూడా చెబుతాను.

ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 0.63 యూనిట్ల కరెంటుకు సరిపడా వేడి కావాలి. ఇది ప్రకృతి పెట్టిన రేటు, ఏ కంపెనీ తగ్గించలేదు. ఐదు కిలోల బట్టలు 800 ఆర్‌పీఎం (నిమిషానికి 800 చుట్లు) స్పిన్‌తో బయటికొస్తే వాటిలో సుమారు మూడున్నర లీటర్ల నీళ్లు మిగిలే ఉంటాయి. అవే 1400 స్పిన్‌తో వస్తే రెండున్నర లీటర్లకు తగ్గుతాయి. ఆ లీటరు తేడాను పిండి తీయడానికి మోటారుకు అయ్యే అదనపు కరెంటు ఏపాటిదీ కాదు. కాబట్టి ఏ డ్రైయర్ కొన్నా మొదట మీ మెషీన్‌లో స్పిన్ పెంచుకోండి.

విడిగా దొరికే డ్రైయర్లలో వెంటెడ్, కండెన్సర్, హీట్ పంప్ అని మూడు రకాలు. వాటికి తేడా ఆ వేడిని ఏం చేస్తాయన్న దగ్గరే ఉంది. వెంటెడ్ డ్రైయర్ హీటర్‌తో గాలిని వేడి చేసి బట్టల మీదుగా పంపి, ఆ తడిగాలిని గొట్టంలోంచి బయటికి వదిలేస్తుంది. కండెన్సర్ రకం ఆ తడిగాలిని గది గాలితో చల్లబరిచి, నీటిని ట్యాంకులో పట్టి, వేడిని మీ యుటిలిటీలోకి వదులుతుంది. హీట్ పంప్‌లో ఏసీలో మాదిరే కంప్రెసర్, గ్యాస్ ఉంటాయి. తడిగాలి చల్లటి కాయిల్‌కు తగిలి నీరు వదిలేస్తుంది, అక్కడ లాగేసిన వేడిని పక్కనున్న వేడి కాయిల్ తిరిగి అదే గాలికి ఇస్తుంది. వేడి తిరిగి తిరిగి వాడకంలో ఉంటుంది కాబట్టి ఇందాక చెప్పిన ప్రకృతి రేటు కంటే తక్కువకే పని జరిగిపోతుంది. ఎనిమిది కిలోల ఫుల్ లోడ్‌కు కండెన్సర్ నాలుగైదు యూనిట్లు తింటే, హీట్ పంప్ రెండు యూనిట్లకు అటూఇటూగా ముగిస్తుంది. డ్రమ్ములో వేడి కూడా 50 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది కనుక బట్టలు కుంచించుకుపోవడం తక్కువ. కాకపోతే ఓపిక పట్టాలి. కాటన్ ఫుల్ లోడ్‌కు రెండు, రెండున్నర గంటలు మామూలే.

ధర మాత్రం వెంటెడ్‌కు రెండింతల పైనే ఉంటుంది. యూనిట్‌కు తొమ్మిది రూపాయల చొప్పున పడే శ్లాబులో మీరుంటే, కండెన్సర్‌తో పోలిస్తే లోడుకు ఇరవై రూపాయల పైన మిగులుతుంది. వారానికి ఐదు లోడ్లు ఏడాదంతా వేస్తే ఐదు వేల పైచిలుకు. అదే వానాకాలం మూడు నెలలే వాడితే పద్నాలుగు, పదిహేను వందలు, అంతే. మీకు బాల్కనీలో ఆరేసే వీలు లేదు, ఏడాదంతా వాడక తప్పదు, కాబట్టి హీట్ పంప్ డబ్బులు తిరిగొస్తాయి. ఎండాకాలంలో మేడ మీద గంటలో బట్టలు ఆరిపోయే ఇంటికి ఈ లెక్క కుదరదు. యూరప్‌లో 2025 జులై 1 నుంచి మార్కెట్లోకి వచ్చే కొత్త డ్రైయర్లకు పెట్టిన సామర్థ్య నిబంధనలను హీట్ పంప్ రకాలు తప్ప మిగతావి అందుకోలేవు. హీటర్ కాయిల్ రకాలు ముందు ముందు ఇక్కడ కూడా పలచబడతాయని నా అంచనా.

వాషర్ డ్రైయర్ ఎందుకు వద్దంటున్నానంటే, ఎనిమిది కిలోలు ఉతికే మెషీన్ ఆరబెట్టేది ఐదు కిలోలే. ఉతికినవాటిలో కొన్ని బయటికి తీస్తే గానీ ఆరబెట్టదు. అది ఆరబెడుతున్నంతసేపూ రెండో ట్రిప్పు ఉతకడం కుదరదు. ఒక భాగం పాడైతే రెండు పనులూ ఆగిపోతాయి. పిల్లలున్న ఇంట్లో ఈ తలనొప్పి వద్దు. ఇద్దరే ఉండి, రెండో మెషీన్ పెట్టడానికి జాగా లేకపోతే అప్పుడు ఆలోచించొచ్చు.

ఇక మీరు అసలు అడిగిన మన్నిక సంగతి. డ్రైయర్ ప్రాణం తీసేది ఎక్కువగా బట్టల నుంచి రాలే నూగు, షాపువాళ్ల భాషలో లింట్. తలుపు దగ్గరున్న జల్లెడ చాలా వరకు పట్టేస్తుంది. దాన్ని దాటుకుని వెళ్లిన సన్నటి నూగు చల్లటి కాయిల్ రేకుల మీద తడితో అతుక్కుని, కొన్ని నెలలకు బూడిదరంగు దుప్పటిలా పరుచుకుంటుంది. అప్పుడు గాలి ఆడదు, బట్టలు ఆరవు, కంప్రెసర్ గంటల తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఈ బాధ లేకుండా కాయిల్‌ను దానంతట అదే నీళ్లతో కడుక్కునే ఏర్పాటు కొన్ని మోడళ్లలో ఉంది. వినడానికి బాగుంటుంది. కానీ ఎల్‌జీ సొంత దేశం దక్షిణ కొరియాలో ఆ కంపెనీవే అలాంటి డ్రైయర్ల లోపల నూగు పేరుకుపోతోందని కొన్నవాళ్లు గోల పెట్టారు. 2019లో అక్కడి వినియోగదారుల సంస్థ జోక్యం చేసుకున్నాక, ఆ కంపెనీ దాదాపు పద్నాలుగున్నర లక్షల మెషీన్లను ఉచితంగా బాగుచేయడానికి ఒప్పుకుంది. ఆ తర్వాత ఏర్పాటు మెరుగుపడి ఉండొచ్చు. అయినా నా కళ్లతో చూసి, నా చేత్తో శుభ్రం చేసుకోగలిగిందే నాకు ఇష్టం.

అందుకని షోరూంకి వెళ్తే యాప్ గురించి, వైఫై గురించి వినే ముందు ముందుభాగంలో కింద ఉండే మూత తెరవమనండి. కాయిల్ రేకులు కనిపిస్తున్నాయా? మెత్తటి బ్రష్ పెట్టిన వాక్యూమ్ క్లీనర్ అక్కడిదాకా వెళ్తుందా? మూత లేకపోతే, కాయిల్ మూసుకుపోయినప్పుడు ఎవరు విప్పుతారు, ఎంత తీసుకుంటారో అడగండి. సేల్స్‌మాన్ నీళ్లు నములుతుంటే మీకు జవాబు దొరికినట్టే. మోటారు మీద, కంప్రెసర్ మీద పదేళ్ల వారంటీ అని పెద్ద స్టిక్కర్ ఉంటుంది. అది చాలాసార్లు ఆ భాగానికే. మెకానిక్ కూలి, గ్యాస్, సర్క్యూట్ బోర్డు దానిలోకి వస్తాయో రావో కాగితం మీద చూసుకోండి. బోర్డుకు ఎన్నేళ్ల వారంటీ అన్నది నేను ముందు చూస్తాను. మీ ఏరియాలో ఆ కంపెనీ వాషింగ్ మెషీన్లకే కాక డ్రైయర్లకు కూడా సర్వీసు ఇస్తోందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. మన దగ్గర డ్రైయర్లు తక్కువ కాబట్టి వీటి పని తెలిసిన మెకానిక్‌లూ తక్కువే.

ఇంకో రెండు మాటలు. టైమర్ ఒక్కటే ఉన్నది కాకుండా తేమను పసిగట్టి ఆగిపోయే సెన్సర్ ఉన్నది తీసుకోండి. 16 ఆంప్స్ సాకెట్‌కు నేరుగా పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు. చాలా మాన్యువళ్లలో గది ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని రాసి ఉంటుంది, కాబట్టి మే నెల మధ్యాహ్నం తలుపులు మూసిన యుటిలిటీలో కాకుండా పొద్దున్నే వేసుకోండి. ఫ్రంట్ లోడ్ మెషీన్ మీద పెట్టాలంటే దానికి సరిపోయే స్టాకింగ్ కిట్ తప్పనిసరి. మధ్యలో రబ్బరు షీటు వేసి సరిపెట్టేస్తామంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: విశాఖపట్నంలో మా అమ్మగారింట్లో సెమీ ఆటోమేటిక్ ఉంది. దాని పక్క టబ్బులో డ్రైయర్ ఉండగా ఇంకోటి దండగ అంటారు అమ్మ. నాన్నగారికి పంచెలు, అమ్మకు నూలు చీరలు. వానాకాలం కోసం తక్కువ ధరలో ఐదున్నర కిలోల వెంటెడ్ డ్రైయర్ తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవచ్చు. ఆ టబ్బు నీళ్లు పిండుతుంది కానీ ఆరబెట్టదు. అయితే ఆ పిండే పని గట్టిగానే చేస్తుంది కనుక డ్రైయర్‌కు సగం శ్రమ తప్పుతుంది. ఏడాదికి మూడు నాలుగు నెలల వాడకానికి వెంటెడ్ చాలు. లోపల హీటర్, మోటారు, బెల్టు, ఫ్యాను తప్ప పెద్దగా ఏమీ ఉండవు, పాడైనా బాగుచేయడం తేలిక. నాలుగంగుళాల గొట్టం మాత్రం పొట్టిగా, వంకర్లు లేకుండా కిటికీలోంచి బయటికి వెళ్లాలి. ఊరికే వదిలేస్తే ఆ తేమంతా గదిలోనే తిరిగి గోడలు బూజు పడతాయి. బల్లులు వస్తాయని గొట్టం చివర దోమల జాలీ కట్టకండి, వారానికే నూగుతో మూసుకుపోతుంది. గాలికి తెరుచుకుని మూసుకునే రెక్క మూత పెట్టించండి. సముద్రపు గాలి తగిలే బాల్కనీలో కాకుండా లోపలి గదిలో ఉంచితే బాడీ తుప్పు పట్టదు.

పంచెలు, చీరలు ఒంటరిగా వేస్తే తాడులా మెలిపడి, పైన కాలిపోతూ లోపల తడిగానే ఉంటాయి. ఒక చీరకు రెండు తువ్వాళ్లు తోడు వేసి, మధ్యలో ఒకసారి ఆపి దులపమనండి. గంజి పెట్టినవి వద్దు, డ్రమ్ము నిండా గంజి పొట్టు అతుక్కుంటుంది. పట్టు, జరీ, ఉన్ని జోలికి పోవద్దు. బట్ట లోపలి లేబుల్ మీద చదరంలో గుండ్రం ఉంటే డ్రైయర్‌లో వేయొచ్చని గుర్తు, దాని మీద ఇంటూ ఉంటే వేయకూడదు. గుండ్రంలో ఒక చుక్క ఉంటే తక్కువ వేడి.

ఇది అమ్మగారికి తప్పకుండా చెప్పండి: తలంటుకున్న రోజు నూనె తుడిచిన తువ్వాళ్లు, వంటింట్లో నూనె తుడిచిన గుడ్డలు డ్రైయర్‌లో వేయకూడదు. ఉతికినా నూనె పూర్తిగా పోదు. వేడిగా కుప్పపడి ఉన్నప్పుడు ఆ నూనె గాలితో కలిసి దానంతట అదే వేడెక్కి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. అలాంటివి తాడు మీదే ఆరాలి.

ప్రశ్న: మా హీట్ పంప్ డ్రైయర్‌కు రెండేళ్లు. మొదట్లో రెండు గంటల్లో ఆరేవి, ఇప్పుడు మూడున్నర గంటలు పడుతోంది. మెకానిక్ వచ్చి గ్యాస్ అయిపోయింది, నింపాలి, తొమ్మిది వేలవుతుంది అన్నాడు. నింపించమంటారా? — వరంగల్

జవాబు: ఆగండి. సీలు వేసిన సిస్టంలో గ్యాస్ వాడకానికి తరిగిపోదు, ఎక్కడైనా లీకైతేనే పోతుంది. లీకు ఎక్కడో చూపించకుండా నింపుతానంటే ఆ తొమ్మిది వేలూ గాల్లో కలిసినట్టే. మీరే ఒక పరీక్ష చేయండి. ఒక లోడు వేసి గంటన్నర తర్వాత చూడండి. బట్టలు గోరువెచ్చగా ఉండి, ట్యాంకులో లీటరో అంతకు పైనో నీళ్లు చేరితే గ్యాస్ తన పని తాను చేస్తున్నట్టే. లోపం గాలి దారిలో ఉంది.

లింట్ ఫిల్టర్ బయటికి తీసి కుళాయి కింద పట్టండి. నూగు ఏమీ లేనట్టు కనిపిస్తున్నా నీళ్లు జాలీలోంచి జారిపోకుండా నిలబడితే, ఫ్యాబ్రిక్ కండిషనర్ తాలూకు జిడ్డు పొర కట్టిందని అర్థం. పాత టూత్‌బ్రష్‌కు గిన్నెల సబ్బు పెట్టి రుద్ది, పూర్తిగా ఆరాకే పెట్టండి. తర్వాత ప్లగ్ తీసేసి, కింది మూత తెరిచి కాయిల్ రేకుల మీది నూగును వాక్యూమ్ బ్రష్‌తో పైనుంచి కిందికి లాగండి. అడ్డంగా లాగితే రేకులు వంగిపోతాయి, వాటి అంచులు చేతులు కోస్తాయి కూడా. డ్రమ్ము తలుపు దగ్గర రెండు స్టీలు పట్టీలు కనిపిస్తాయి, అవే తేమ సెన్సర్లు. వాటినీ తడిగుడ్డతో తుడవండి. చాలామందికి ఇక్కడే బాగవుతుంది.

ఇంతా చేసినా మారకపోతే కంపెనీ మనిషినే పిలవండి. ఈ మధ్య మోడళ్లలో చాలా వాటిలో ఆర్‌290 అనే గ్యాస్ ఉంటోంది. అది ప్రొపేన్, అంటుకునే గ్యాస్. దాని పని తెలియని వాళ్ల చేత విప్పించకూడదు.

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. గరాజ్‌లో ఓనర్ వదిలేసిన పాత ఇండెసిట్ డ్రైయర్ ఉంది. పనిచేస్తోంది. వాడుకోవచ్చా, కొత్తది కొనాలా?

జవాబు: మోడల్ నంబరు చూసేదాకా ప్లగ్ పెట్టకండి. 2004 ఏప్రిల్ నుంచి 2015 సెప్టెంబర్ మధ్య తయారైన హాట్‌పాయింట్, ఇండెసిట్, క్రీడా, స్వాన్, ప్రొలైన్ డ్రైయర్లలో కొన్ని మోడళ్లలో నూగు హీటర్ మీద పడి అంటుకునే లోపం ఉంది. 2016 ఆగస్టులో లండన్ షెపర్డ్స్ బుష్‌లో ఒక టవర్ బ్లాక్‌లో జరిగిన అగ్నిప్రమాదానికి ఇండెసిట్ డ్రైయరే కారణమైంది. బాగుచేయకుండా మిగిలిపోయిన మెషీన్లను అప్పట్లో ఇండెసిట్ యజమానిగా ఉన్న వర్ల్‌పూల్ కంపెనీ 2019లో వెనక్కి పిలిచింది. నంబరు తలుపు లోపలి అంచు మీద ఉంటుంది, కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి. జాబితాలో ఉంటే ఓనర్‌కు మెయిల్ పెట్టండి, మాటల్లో చెప్పి ఊరుకోకండి.

కొత్తది కొంటే హీట్ పంపే, కానీ గరాజ్‌లో కాదు. చలికాలంలో అక్కడ ఐదు డిగ్రీల లోపుకు పడిపోతే కంప్రెసర్ నీరసంగా పనిచేస్తుంది. ఇంట్లోనే చోటు చూడండి. రాత్రి వేసేసి నిద్రపోవడం అక్కడివాళ్లకూ అలవాటే, కానీ ఏ డ్రైయరైనా మీరు మేలుకుని ఉన్నప్పుడే తిరగాలి.

ప్రశ్న: డ్రైయర్ ట్యాంకులో చేరిన నీళ్లు ఆవిరి నుంచి వచ్చినవే కదా, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసుకోవచ్చా? — కర్నూలు

జవాబు: వద్దు. దానిలో నూగు, సబ్బు అవశేషాలు, కాయిల్ లోహం ఉంటాయి. బ్యాటరీకి సీసా మీద డిస్టిల్డ్ వాటర్ అని రాసి ఉన్నదే పోయాలి. ఈ నీళ్లతో ఇల్లు తుడుచుకోండి. సన్నటి గుడ్డలో వడగడితే ఇస్త్రీ చేసేటప్పుడు బట్టల మీద చిలకరించుకోవడానికీ పనికొస్తాయి.