తాడుకు కట్టిన దిమ్మెలు: 28 జౌళ్లలో ఎవరి వాటా ఎంత?

ప్రశ్న: బల్ల మీద 6 కిలోల దిమ్మె ఉంది. దానికి కట్టిన తాడు బల్ల అంచున ఉన్న కప్పీ మీదుగా దిగి, 4 కిలోల దిమ్మెను మోస్తోంది. గతిక ఘర్షణ (కదులుతున్నప్పటి ఘర్షణ) గుణకం 0.2. కదలకుండా పట్టుకుని వదిలితే, కింది దిమ్మె 1 మీటరు దిగేసరికి వేగం ఎంత? శక్తి పద్ధతిలో చేస్తే నాకు సెకనుకు 3.74 మీటర్లు వస్తోంది. కీలో 2.37 ఉంది.
- జూనియర్ ఇంటర్ విద్యార్థి, అమలాపురం

జవాబు: కీ సరైనదే. మీ లెక్కలో ఘర్షణ మాత్రం సరిగ్గానే ఉంది. చాలామంది బోల్తా పడేది అక్కడే కాబట్టి ముందు అదే చూద్దాం. బల్లను నొక్కేది 6 కిలోల దిమ్మె ఒక్కటే. గురుత్వ త్వరణం 10 అనుకుంటే అభిలంబ బలం (బల్ల దిమ్మెను తిరిగి పైకి నెట్టే బలం) 60 న్యూటన్లు, ఘర్షణ 0.2 × 60 = 12 న్యూటన్లు. మొత్తం 10 కిలోలకూ కట్టేసి 20 న్యూటన్లు వేసేవాళ్లుంటారు. గాలిలో వేలాడే దిమ్మెకు బల్లతో పనేముంది?

1 మీటరు దిగేలోపు గురుత్వాకర్షణ చేసిన పని 40 జౌళ్లు. అందులో 12 ఘర్షణ తినేస్తుంది. మిగిలేది 28. ఈ 28ని మీరు ½ × 4 × వేగం²కు సమానం చేశారు. 3.74 వచ్చేది అలాగే. కానీ తాడు సాగదు కదా, కింది దిమ్మె ఎంత వేగంతో దిగితే పైది అంతే వేగంతో జరుగుతుంది. అంటే గతిజ శక్తి మొత్తం 10 కిలోలదీ. 28 = ½ × 10 × వేగం², వేగం² = 5.6, వేగం 2.37. (9.8 వేస్తే 2.34 వస్తుంది. కీ ఇచ్చినవాళ్లు 10 వేశారన్నమాట.)

జవాబు చూడకుండానే 3.74ను అనుమానించవచ్చు. అసలు ఘర్షణే లేకపోతే 40 = ½ × 10 × వేగం², వేగం 2.83. ఘర్షణ ఉన్నప్పుడు అంతకంటే ఎక్కువ ఎలా వస్తుంది? పరీక్షలో ఈ ఒక్క లైను పక్కన గీకి చూసుకోండి.

తన్యత (తాడులోని బిగువు) ఎక్కడికి పోయిందంటే, పైదాని మీద అది చేసిన పని ధనాత్మకం, కిందిదాని మీద అంతే ఋణాత్మకం. రెంటినీ కలిపి చూసినప్పుడు కొట్టేసుకుపోతాయి. విడివిడిగా చూస్తే మాత్రం రాయాల్సిందే. త్వరణం (40 − 12)/10 = 2.8, కాబట్టి తన్యత 4 × (10 − 2.8) = 28.8 న్యూటన్లు. పైదానికి దక్కింది 28.8 − 12 = 16.8 జౌళ్లు, కిందిదానికి 40 − 28.8 = 11.2. కూడితే 28.

ఈ వాటాలు ఊరికే తీయలేదు. కింది దిమ్మె సరిగ్గా 1 మీటరు దిగి నేలను తాకి ఆగిపోతే, పైది ఇంకెంత దూరం జారుతుంది అన్నది దీని కొనసాగింపు ప్రశ్న. తాడు వదులైపోతుంది, పైదాని దగ్గర ఉన్నది దాని 16.8 జౌళ్లే. 16.8/12 = 1.4 మీటర్లు. 28ని 12తో భాగించి 2.33 అంటే తప్పు. కిందిదాని 11.2 నేలకు తగిలినప్పుడే పోయింది.

ప్రశ్న: అదే లెక్కలో కింద 1.5 కిలోలు వేలాడదీస్తే త్వరణం 0.4 వచ్చింది. స్థైతిక ఘర్షణ గుణకం 0.3 అని కూడా ఇచ్చారు, అది దేనికి?
- తణుకు పాఠకురాలు

జవాబు: దిమ్మె అసలు కదులుతుందా లేదా తేల్చడానికి. లాగేది 15 న్యూటన్లు, స్థైతిక ఘర్షణ (కదలక ముందు ఆపే ఘర్షణ) 0.3 × 60 = 18 వరకూ ఆపగలదు. కదలదు. త్వరణం సున్నా, ఘర్షణ 15. మీరు నేరుగా గతిక ఘర్షణ 12 వేశారు కాబట్టి (15 − 12)/7.5 = 0.4 అని చూడ్డానికి బాగున్న సంఖ్య వచ్చింది. ఋణ సంఖ్య వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, ధన సంఖ్యే ముంచుతుంది.

ప్రశ్న: రైస్ మిల్లు గచ్చు మీద 75 కిలోల ధాన్యం బస్తా, దాని వెనక తాడుతో కట్టిన 25 కిలోల బస్తా. ముందుదాన్ని 500 న్యూటన్లతో లాగుతున్నారు. ఘర్షణ గుణకాలు రెండూ 0.4 అయితే మధ్య తాడులో తన్యత ఎంత?
- మండపేట పాఠకుడు

జవాబు: మొత్తం ఘర్షణ 400, త్వరణం 100/100 = 1. వెనక బస్తాకు 25 × 1 + 100 = 125 న్యూటన్లు. ఘర్షణ లేదనుకుని 500ను బరువుల వంతున పంచినా 25/100 వాటా 125యే! గుణకం రెండింటికీ ఒకటే అయి, బస్తాలు కదులుతున్నంతవరకూ ఇలాగే వస్తుంది. ఒకటి గోనె సంచి, ఇంకొకటి ప్లాస్టిక్ సంచి అయితే ఈ అడ్డదారి చెల్లదు.

లాగేది 350 న్యూటన్లే అయితే బస్తాలు కదలవు, అప్పుడూ చెల్లదు. మొదట తాడులో బిగువు లేదనుకోండి. ముందు బస్తా ఘర్షణ 300 వరకూ తానే కాస్తుంది, మిగిలిన 50 మాత్రమే తాడుకు చేరుతుంది. పావు వంతు లెక్కన 87.5 అని రాస్తే మార్కు పోయినట్టే.