సరదాగా దిద్దేవాళ్లు ‘ఎడిటర్’ అని రాసుకోవచ్చా?

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. ఖాళీ వేళల్లో వికీపీడియా వ్యాసాల్లో అక్షరదోషాలు, వాక్యదోషాలు దిద్దుతుంటాను. నా వాడుకరి పేజీలో పరిచయం రాసుకోవాలి. ‘గ్రామర్ ఎడిటర్’ అని పెట్టుకోమంటున్నారు స్నేహితులు. పెట్టుకోవచ్చా? ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: వికీపీడియాలో దిద్దేవాళ్లందరినీ ఎడిటర్లనే అంటారు. బయటివాళ్లు మాత్రం అది మీ ఉద్యోగమనుకుంటారు. కాబట్టి ‘అభిరుచి కొద్దీ, స్వచ్ఛందంగా’ అని మొదటి వాక్యంలోనే చెప్పేయండి. దానివల్ల మీ విలువేమీ తగ్గదు. పైసా రాకపోయినా ఎవరో రాసిన వాక్యాల మీద ఇంత ఓపిక పెట్టేవాళ్లంటే నాకు చాలా గౌరవం.

‘భాషంటే ప్రాణం’ లాంటి మాటలు వద్దు. ఏం దిద్దుతారో చెప్పండి, ఇలా:

“సరదా కొద్దీ వ్యాసాల్లో భాష దిద్దుతుంటాను. ఇది నా వృత్తి కాదు. ఒత్తులు, విభక్తులు చూస్తాను, ‘నిర్మించబడింది’ లాంటివాటిని ‘కట్టారు’ అని మారుస్తాను. విషయం జోలికి వెళ్లను. నా దిద్దుబాటు తప్పనిపిస్తే చర్చా పేజీలో చెప్పండి.”

ఆ చివరి వాక్యం తీసేయకండి. ‘అర్ధం కాలేదు’ అని ఉంటే ‘అర్థం’ అని దిద్దాల్సిందే. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. అదే ఊపులో ధ ఒత్తు కనబడ్డ చోటల్లా మార్చుకుంటూ పోతే ‘అర్ధరాత్రి’ కాస్తా ‘అర్థరాత్రి’ అయిపోతుంది. ఇలాంటి పొరపాటు బాగా చదువుకున్నవాళ్లకీ జరుగుతుంది. ఎవరైనా చెబితే వెంటనే సరిచేసుకునే వీలుండాలి.

ఇక ఉద్యోగం సంగతి. రెజ్యూమెలో దీన్ని ‘ఉద్యోగానుభవం’ కింద కాకుండా ‘స్వచ్ఛంద సేవ’ కింద రాయండి. ప్రూఫ్‌రీడర్, సబ్ ఎడిటర్ పనులకు చాలాచోట్ల తప్పులున్న పేరా ఒకటి ఇచ్చి దిద్దమంటారు. మీకు ఆ సాధన ఇప్పటికే ఉంది, రుజువు కూడా ఉంది: వికీలో చేసిన దిద్దుబాట్లు తేదీ, సమయంతో సహా పేజీ చరిత్రలో నమోదవుతాయి. అందుకే ఏం మార్చారో క్లుప్తంగా రాసే ‘దిద్దుబాటు సారాంశం’ గడిని ఖాళీగా వదలకండి. ‘భావం అనే చోట అర్ధం బదులు అర్థం’ అని నాలుగు ముక్కలు రాస్తే, మీరు కారణం తెలిసి దిద్దారని చూసేవాళ్లకు తెలుస్తుంది. మంచివి పది ఎంచి లింకులు దాచుకోండి.

ఫోన్ నంబరు, కాలేజీ పేరు మీ వాడుకరి పేజీలో రాయకండి. తర్వాత తీసేసినా పాత కూర్పుల్లో కనబడుతూనే ఉంటాయి. ఇంకొకటి, రెజ్యూమెలో వాడుకరి పేరు ఇచ్చారంటే చర్చా పేజీల్లో మీరు వాదించినవన్నీ కూడా ఉద్యోగమిచ్చేవాళ్లు చదవగలరు. పంపేముందు ఒకసారి మీరే చదివి చూసుకోండి.